సర్టిఫికెట్ కొనుక్కోవద్దు, పగులు కొలవండి: ఇంటర్న్‌షిప్‌ల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో పాత అపార్ట్‌మెంట్లలో వచ్చే పగుళ్ల గురించి రాశాను. దానికి ఇళ్ల యజమానులు రాస్తారనుకుంటే, వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సివిల్ చదివే పిల్లలవే. అందుకే ఈసారి పేజీ మొత్తం వాళ్లకే ఇచ్చేస్తున్నాను. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపేశాను. పేర్లు వేయవద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: బి.టెక్ సివిల్ మూడో ఏడు చదువుతున్నాను. ఈ వేసవిలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మా క్లాసులో చాలామంది రెండు వేలు కట్టి ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ తెచ్చేసుకుంటున్నారు. నాకు స్ట్రక్చరల్ డిజైన్ అంటే నిజంగా ఇష్టం, కానీ ఆ రంగంలో తెలిసినవాళ్లు లేరు, సిఫారసు లేదు. నేనూ అదే చేయాలా మేడమ్? (విద్యార్థిని, రాజమహేంద్రవరం)

వద్దమ్మా. దేశంలో సాంకేతిక విద్యని చూసే మండలి ఏఐసీటీఈ విధానం ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 600 నుంచి 700 గంటలు ఇంటర్న్‌షిప్‌కి పెట్టాలి. అన్ని గంటలు మీ చేతికి ఇస్తున్నారు, దాన్ని ఒక కాగితం కోసం వదిలేసుకోవడం నాకు బాధగా ఉంటుంది. ఇంటర్వ్యూలో ఆ కాగితాన్ని ఎవరూ రెండోసారి చూడరు. "ఈ బీములో కడ్డీల చుట్టూ కట్టిన రింగులు చివర్లో ఎందుకు దగ్గరగా ఉన్నాయి?" అని అడిగితే మాత్రం, సైటులో నిలబడి చూసినవాళ్లకీ చూడనివాళ్లకీ ఉన్న తేడా అర నిమిషంలో బయటపడిపోతుంది.

సిఫారసు లేదన్నారు. మీ ఊళ్లో, పక్కన కాకినాడలో స్ట్రక్చరల్ కన్సల్టెంట్ల ఆఫీసులు ఉంటాయి. చాలావరకు ముగ్గురు నలుగురు పనిచేసే చిన్న ఆఫీసులే. మీరు పంపే మెయిల్‌ని వాళ్లు చూడకపోవచ్చు, కానీ తలుపు తట్టి లోపలికి వెళ్తే కూర్చోమంటారు. వెళ్లేటప్పుడు రెజ్యూమె ఒక్కటే పట్టుకెళ్లవద్దు, ఈ పని చేసి పట్టుకెళ్లండి. మీ ఇంటిని టేపుతో కొలిచి పిల్లర్లు, బీములు ఎక్కడున్నాయో కాగితం మీద గీయండి. తర్వాత హాల్లో ఒక చదరపు మీటరు స్లాబు ఎంత బరువు మోస్తోందో లెక్కేయండి. 125 మిల్లీమీటర్ల స్లాబు అనుకుంటే దాని సొంత బరువే సుమారు 3.1 కిలోన్యూటన్లు, ఫ్లోరింగుకి ఒకటి వేసుకోండి, మనుషులూ సామానూ కలిపి ఇళ్లకి ఐఎస్ 875 (బరువుల లెక్కకి మన దేశపు కోడ్) చెప్పే లెక్క 2 కిలోన్యూటన్లు. మొత్తం ఆరు దాటింది, అంటే చదరపు మీటరుకి ఆరు వందల కిలోలకి పైనే. ఈ బరువు స్లాబు నుంచి బీముకి, బీము నుంచి పిల్లరుకి, పిల్లరు నుంచి కింద పునాదికి, అంటే ఫుటింగుకి, ఎలా దిగుతుందో బాణాలు గీసి చూపించండి. ఇవన్నీ చేతిరాతతో ఉన్న నాలుగు కాగితాలు. ఇంటర్న్‌షిప్ అడగడానికి అలాంటి కాగితాలతో నా ఆఫీసుకి వచ్చిన పిల్లలు చాలా తక్కువ. వచ్చినవాళ్లను నేను ఒక్కసారి కూడా వెనక్కి పంపలేదు, లెక్కలో తప్పులున్నా సరే.

అక్కడా కుదరకపోతే మీ కాలేజీలోనే అడగండి. యూనివర్సిటీ కాలేజీల సివిల్ విభాగాలు చాలాచోట్ల బయటి పనులకు క్వాలిటీ తనిఖీలు, పాత భవనాల పరిశీలన చేస్తుంటాయి. మీ ప్రొఫెసర్ అలాంటి పనికి వెళ్తుంటే టేపు పట్టుకోవడానికి నేను వస్తానని చెప్పండి. ఆర్ అండ్ బీలో క్వాలిటీ కంట్రోల్ విభాగం ఉంటుంది, దానికి కాలేజీ నుంచి లెటర్ తీసుకెళ్లాలి. పరిశోధన వైపు ఆసక్తి ఉంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఉంది, చెన్నై తరమణిలో సీఎస్ఐఆర్ వారి స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ రీసెర్చ్ సెంటర్ ఉంది. వీటికి ఏప్రిల్లో రాస్తే ఆలస్యమైపోతుంది, సంక్రాంతి లోపే రాయండి.

ప్రశ్న: ఫోరెన్సిక్ ఇంజినీరింగ్ అని ఈమధ్య తరచూ వింటున్నాను. కూలిపోయిన భవనాలు చూడటమేనా? అందులో ఇంటర్న్‌గా చేరితే ఏం పని ఇస్తారు? (విద్యార్థి, వరంగల్)

ఫోరెన్సిక్ అనగానే అందరికీ పోస్ట్‌మార్టమే గుర్తొస్తుంది. కూలిన కట్టడాలూ ఉంటాయి, కానీ రోజువారీ పనిలో ఎక్కువ భాగం నిలబడి ఉన్నవాటి మీదే. స్లాబు కారుతోంది, పెచ్చులూడుతున్నాయి, గోడ బీటలిచ్చింది, కొత్త ఫ్లోరింగ్ కుంగింది. ఎందుకిలా అయింది, ఎవరి పనిలో లోపం, ఇప్పుడు ప్రమాదమా కాదా, ఏం చేస్తే ఆగుతుంది అన్నది సాక్ష్యంతో తేల్చాలి. డిజైన్ చేసేవాళ్లు లెక్కతో మొదలుపెట్టి కట్టడం దాకా వెళ్తారు. ఫోరెన్సిక్ పని చేసే మేం కట్టడం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తాం.

ఒక ఇంటర్న్ చేసిన పని చెబుతాను. పల్నాడు వైపు ఒక రెండంతస్తుల ఇల్లు, కట్టి నాలుగేళ్లు. ఒక మూల గోడకి కిటికీ కింద నుంచి మెట్లు మెట్లుగా పగులు. యజమాని మేస్త్రిని తిడుతున్నాడు, మేస్త్రి సిమెంటు మంచిది కాదంటున్నాడు, సిమెంటు కొట్టువాడు పక్కింటి బోరు వల్లే అంటున్నాడు. మే మొదటివారంలో మా దగ్గర చేరిన అమ్మాయికి నేను ఇచ్చిన పని ఒకటే. పగులుని ఆరుచోట్ల పెన్సిల్‌తో గుర్తుపెట్టి ప్రతి శనివారం వెడల్పు కొలిచి, తేదీ వేసి, అదే చోటు నుంచి అదే దూరంలో ఫొటో తీయాలి. అంతే. మొదటి మూడు వారాలు ఆ అమ్మాయికి విసుగొచ్చింది, ఇదేం పని అని మొహంలో తెలిసిపోయేది. మేలో 3 మిల్లీమీటర్లున్న పగులు జూన్ చివరికి, రెండు మంచి వానలు పడ్డాక, 2 కన్నా తగ్గింది. పగులు మూసుకుంటోంది! కాంక్రీటులో లోపమైతే వానకి మూసుకోదు. ఆ నేల నల్లరేగడి. ఎండకి కుంచించుకుపోతుంది, తడికి ఉబ్బుతుంది. మూల దగ్గర గుంట తీసి చూస్తే ఫుటింగ్ మూడడుగుల లోతులో ఆగిపోయింది, నల్లమట్టి మాత్రం ఇంకా కిందికి ఉంది. పక్కనే ఉన్న పెద్ద వేపచెట్టు ఎండాకాలం ఆ మట్టిలో ఉన్న కాస్త తేమనీ లాగేస్తోంది. ముగ్గురు తిట్టుకుంటున్న గొడవలో సమాధానం చెప్పింది ఆ అమ్మాయి రాసిన శనివారాల పట్టికే.

ఇంటర్న్‌గా మీ పని చాలావరకు ఇలాగే ఉంటుంది. కొలవడం, గీయడం, ఫొటోలకి నంబర్లేయడం, పాత డ్రాయింగులు వెతకడం. పగులు ఎటు నడిచిందో చూడటం మొదట నేర్చుకోండి. బీము మధ్యలో అడుగున నిలువుగా సన్నటి గీతలుంటే అది వంగడం వల్ల, బీము చివర ఏటవాలుగా ఉంటే అది షియర్, అంటే బరువుకి బీము కోసినట్టు తెగే తీరు, దాన్ని చూసిన రోజే పెద్దవాళ్లకి చెప్పాలి. కడ్డీ పొడవునా గీత గీసినట్టు వస్తే లోపల తుప్పు. పిల్లరూ ఇటుక గోడా కలిసేచోట నిలువు గీత ఉంటే చాలాసార్లు భయపడాల్సింది ఉండదు, రెండు వేర్వేరు సరుకులు విడివడ్డాయి అంతే. పగులు ఇంకా పెరుగుతోందో లేదో తెలియాలంటే దాని మీద అడ్డంగా చిన్న గాజుపలక అతికించి వదిలేయండి, కదలిక ఉంటే పలక పగిలిపోతుంది. పాత పద్ధతే, ఇప్పటికీ పనిచేస్తుంది.

పరీక్షలు కూడా చూస్తారు. కాంక్రీటు ఎంత గట్టిగా ఉందో కొట్టి చూసే రీబౌండ్ హామర్ అందరికీ సరదాగా ఉంటుంది, టకటకా కొట్టి అంకె చదవచ్చు. కానీ పాత కాంక్రీటులో పైపొర గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌కి గట్టిపడి ఉంటుంది, హామర్ ఆ పైపొరనే చదివి బలం ఎక్కువ చూపిస్తుంది. అందుకే ఒక్క హామర్ అంకెతో ఎవరైనా భవనం బాగుందని రాస్తే నేను నమ్మను. అల్ట్రాసోనిక్ పరీక్షలో శబ్దతరంగం సెకనుకి 3.75 కిలోమీటర్లు దాటితే కాంక్రీటు బాగున్నట్టు, 3 కన్నా తక్కువైతే అనుమానించాల్సిందే. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఫినాల్ఫ్తలీన్ పరీక్ష. అప్పుడే పగలగొట్టిన కాంక్రీటు మీద ఆ మందు చల్లితే బాగున్నచోట గులాబీరంగు వస్తుంది, కార్బనేషన్ అయినచోట, అంటే ఆ కార్బన్ డయాక్సైడ్ లోపలికి చేరినచోట, రంగు రాదు. రంగు రాని పొర కడ్డీ దాకా చేరిందంటే కడ్డీకి తుప్పు నుంచి రక్షణ పోయినట్టే. ఇంటర్‌లో టైట్రేషన్‌కి వాడిన మందే ఇది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలి సంగతి వేరే ఉంది. అక్కడ కాంక్రీటు గులాబీరంగులో ఉన్నా లోపల క్లోరైడ్లు కడ్డీని తినేస్తుండవచ్చు, కాబట్టి క్లోరైడ్ పరీక్షా చేయించాలి.

కూలిన కట్టడాల గురించి చదవండి, తప్పకుండా చదవండి. 1981 జులై 17న అమెరికాలో కాన్సస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్లో వేలాడే నడకదారులు కూలి 114 మంది చనిపోయారు. పైకప్పు నుంచి ఒకే పొడవాటి కడ్డీ రెండు నడకదారుల్నీ మోయాలన్నది మొదటి డిజైన్. కట్టేటప్పుడు తేలిగ్గా ఉంటుందని దాన్ని రెండు ముక్కలు చేసి, కింది నడకదారిని పై నడకదారి బీముకి వేలాడదీశారు. దూలానికి కట్టిన ఒకే తాడుకి వేర్వేరు ఎత్తుల్లో రెండు ఉట్లు కట్టడం వేరు, పై ఉట్టికే కింది ఉట్టిని కట్టడం వేరు. రెండో పద్ధతిలో పై ఉట్టి ముడి మీద రెండు కుండల బరువూ పడుతుంది. అక్కడా అదే జరిగింది, పై బీము దగ్గర జాయింటు మీద బరువు రెట్టింపైంది. దర్యాప్తులో ఇంకో సంగతి తేలింది, మొదటి డిజైన్ కూడా అక్కడి కోడ్ అడిగినంత బలంగా లేదు. ఈ లెక్క మీరు ఇప్పుడే, రెండో ఏడు చదువుతోనే వేయగలరు.

మనకి దగ్గరిది కూడా ఉంది. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి కూలికి వెళ్లినవాళ్లు. ఆ వార్త చదివినప్పుడల్లా నాకు డ్రాయింగు మీద ఇంజినీరు పెట్టే సంతకం ఎంత బరువైనదో గుర్తొస్తుంది. ఇక మేడిగడ్డ బ్యారేజీ దగ్గర 2023 అక్టోబరులో ఏడో బ్లాకు పియర్లు, అంటే స్తంభాలు, కుంగిన సంగతి మీకు బాగా తెలుసు. టీవీల్లో అరుపులు పక్కనపెట్టి, డ్యామ్ సేఫ్టీ అథారిటీ కమిటీ చెప్పినదాన్ని విద్యార్థిగా చదవండి. ప్రతి వాక్యం పక్కన "దీనికి సాక్ష్యం ఏమిటి?" అని రాసుకుంటూ చదవండి.

ప్రశ్న: ఇంటర్న్‌షిప్‌కి ముందు ఈట్యాబ్స్, స్టాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు రెండూ నేర్చుకోవాలా? కోర్సు ఫీజు ఇరవై వేలు అంటున్నారు. (విద్యార్థి, తిరుపతి)

ఒకటి కాస్త తెలిస్తే చాలు, అది ఆఫీసులో పదిరోజుల్లో వస్తుంది. ఇరవై వేలు ఖర్చుపెట్టొద్దు. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 తీసి క్లాజులు చదవండి, భూకంపానికి తట్టుకునేలా కడ్డీలు అమర్చే పద్ధతి (డీటెయిలింగ్) కోసం ఐఎస్ 13920 చదవండి. ఈ కోడ్లు తయారుచేసే ప్రమాణాల సంస్థ బీఐఎస్ వెబ్‌సైటులో ఈ కోడ్లు ఉచితంగానే దొరుకుతాయి. ఒక బీము చేత్తో డిజైన్ చేసి, తర్వాత సాఫ్ట్‌వేర్ ఇచ్చినదానితో పోల్చండి. తేడా ఎందుకొచ్చిందో వెతికేటప్పుడు నేర్చుకున్నది ఏ కోర్సులోనూ దొరకదు.

ప్రశ్న: మా అమ్మాయి పాత భవనాలు పరిశీలించే కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్తానంటోంది. ఆడపిల్ల, అదీ కూలిపోయేలా ఉన్న భవనాల్లోకి అంటే మాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఆఫీసు పని చూసుకోమంటే వినడం లేదు. (ఒక తండ్రి, అనంతపురం)

మీ భయం నాకు తెలుసండీ, ఇరవై ఆరేళ్ల కిందట మా నాన్నగారిదీ ఇదే భయం. ఆయన మొదటిరోజు నాతోపాటు సైటుకి వచ్చి, గేటు బయట సాయంత్రం దాకా కూర్చున్నారు.

ఆడపిల్ల అన్న సంగతి పక్కనపెట్టి ప్రమాదం సంగతి మాట్లాడదాం, ఎందుకంటే ప్రమాదం ఎవరికైనా ఒకటే. కంపెనీని ఈ మాటలు అడగండి, అడగడంలో తప్పు లేదు. ఇంటర్న్‌ని ఒంటరిగా పంపుతారా? లోపలికి వెళ్లకముందు ఒక సీనియర్ ఇంజినీరు చూసి సరేనంటాడా? హెల్మెట్, బూట్లు ఇస్తారా? ఇన్సూరెన్స్ ఉందా? సాయంత్రం తిరిగి తీసుకొచ్చే బాధ్యత ఎవరిది, అక్కడ ఆడవాళ్లకి బాత్‌రూమ్ ఉందా? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే చోటైతే పంపండి. నసిగితే వద్దని మీ అమ్మాయికి నేనే చెబుతాను. సీనియర్ వద్దన్న గదిలోకి, ఫొటో కోసమైనా, ఒక్క అడుగు కూడా వేయకూడదని అమ్మాయికీ చెప్పండి.

ఆఫీసు పని మాత్రమే చూసుకోమనకండి. సైటు చూడని ఇంజినీరు గీసిన డ్రాయింగులో కడ్డీలు కాగితం మీద సరిపోతాయి, సైటులో బిగించిన సెంట్రింగ్ పెట్టెలో కాంక్రీటు దిగడానికి మాత్రం సందు ఉండదు. అలాంటివి నేను చాలా చూశాను.

ప్రశ్న: టెక్సాస్‌లో ఎం.ఎస్. స్ట్రక్చరల్ మొదటి సెమిస్టర్. మాది ఖమ్మం. ఇక్కడ ఫోరెన్సిక్ కంపెనీల్లో సమ్మర్ ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా? (విద్యార్థి)

దొరుకుతుంది, కానీ మీరు ఇప్పుడే కదలాలి. అక్కడ వచ్చే వేసవి కోసం అంతకుముందు సెప్టెంబరు, అక్టోబరు కెరీర్ ఫెయిర్లలోనే మొదలుపెడతారు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకి సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి) రావాలంటే మామూలుగా ఒక పూర్తి అకడమిక్ సంవత్సరం చదివి ఉండాలి, కాబట్టి మీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో ముందే మాట్లాడండి. దాని గురించి వాట్సప్ గ్రూపుల్లో అడగకండి. విస్ జానీ ఎల్‌స్ట్నర్, సింప్సన్ గంపెర్ట్జ్ అండ్ హెగర్, థార్న్‌టన్ టొమసెట్టి, ఎక్స్‌పోనెంట్ లాంటివి ఈ పనికి పేరున్న సంస్థలు. చిన్న ఊళ్లలో పదిమంది ఉండే సంస్థల్నీ వదలొద్దు, వడగళ్లకి పాడైన కప్పులు, ఫౌండేషన్ కదలికలు టెక్సాస్‌లో బోలెడు. అక్కడి బంకమట్టి కూడా మన నల్లరేగడి లాగే ఉబ్బి కుంగేదే, ఖమ్మంలో మీరు చూసిన గోడల గురించి ఇంటర్వ్యూలో చెప్పండి, వాళ్లకి అర్థమవుతుంది.

2021 జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ కూలి 98 మంది చనిపోయాక, పాత అపార్ట్‌మెంట్లని ఇంజినీరుతో తనిఖీ చేయించి తీరాలని ఆ రాష్ట్రం 2022లో చట్టం చేసింది. అందువల్ల తనిఖీ పని పెరిగింది. ఇంజినీరు లైసెన్సుకి మొదటి మెట్టైన ఎఫ్‌ఈ పరీక్ష చదువు వేడి మీద ఉండగానే రాసేయండి, 110 ప్రశ్నలు, ఉద్యోగంలో చేరాక కూర్చుని చదవడం కష్టం. ఇంకో సంగతి, అక్కడ రిపోర్టు రాయడం వచ్చినవాళ్లకి చాలా విలువ. మీరు చూసినదాన్నీ మీరు అనుకుంటున్నదాన్నీ వేర్వేరు పేరాల్లో రాసిన మూడు పేజీల నమూనా రిపోర్టు ఒకటి తయారు చేసుకోండి.

ప్రశ్న: ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సైటులో ఇంటర్న్‌గా ఉన్నాను. ఇక్కడ క్యూబ్ టెస్టులు (పోసిన కాంక్రీటుతో చేసిన దిమ్మల్ని నలిపి బలం చూసే పరీక్షలు) చేయకుండానే రిజిస్టర్లో అంకెలు రాస్తున్నట్టు అనిపిస్తోంది. నన్ను కూడా ఒక పేజీ నింపమన్నారు. చేయనంటే సర్టిఫికెట్ ఇవ్వరేమో. ఏం చేయాలి మేడమ్? (పేరు, ఊరు వద్దన్నారు)

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

నా మొదటి వేసవిలో ఇదే జరిగింది. నేను చేరిన సైటులో మూడో అంతస్తుకి కాంక్రీటు వేసిన పదో రోజున 28 రోజుల ఫలితాలు రిజిస్టర్లో కనిపించాయి. నాకు అర్థమైంది, కానీ నోరెత్తలేదు. ఇరవై ఏళ్ల పిల్లని, భయమేసింది. ఆ భవనం ఇప్పటికీ నిలబడే ఉంది, దాని పక్కగా వెళ్లినప్పుడల్లా నేను మూడో అంతస్తు వైపు చూస్తాను. ఎవరినీ తప్పుబట్టడానికి కాదు, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను.

ముందు అనుమానమో నిజమో తేల్చుకోండి. క్యూబులు బయటి ల్యాబులో పరీక్షించి అంకెలు ఇక్కడ ఎక్కిస్తున్నారేమో, అలాగైతే ల్యాబు రిపోర్టులు ఉండాలి, "సార్, నేర్చుకుందామని, ఒకసారి రిపోర్టు చూడొచ్చా?" అని అడగండి. అడిగే పద్ధతిలో గౌరవం ఉంటే చాలామంది చూపిస్తారు. 31 నుంచి 50 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు వేస్తే ఐఎస్ 456 ప్రకారం నాలుగు శాంపిల్స్ తీయాలి, శాంపిల్‌కి మూడు క్యూబులు. అన్ని క్యూబులు క్యూరింగ్ తొట్టిలో కనిపిస్తున్నాయా లెక్కపెట్టండి. నిజమైన రిజిస్టర్లో మూడు క్యూబుల అంకెలు ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటాయి. నెలంతా 26.5, 26.7, 26.6 అని నడుస్తుంటే అది మిషన్ చెప్పినమాట కాదు.

పేజీ నింపమంటే నింపకండి. గొడవ పడక్కర్లేదు. "నేను టెస్టు చూడలేదు సార్, చూసినరోజు రాస్తాను" అనండి, అంతకన్నా ఒక్క మాట ఎక్కువ వద్దు. మీరు కళ్లారా చూసినవి మాత్రం తేదీతో మీ సొంత డైరీలో రాసుకోండి. ఊహలు రాయొద్దు, కంపెనీ కాగితాలు బయటికి తేవొద్దు. తర్వాత మీ కాలేజీ గైడ్‌కి మెయిల్ పెట్టండి. ఫోన్ కాదు, మెయిల్. ఇంటర్న్‌షిప్ మార్చమని అడగండి, కారణం రాయండి. మార్కుల్లో కాలేజీకీ వాటా ఉంటుంది కాబట్టి సైటువాళ్లు సర్టిఫికెట్ ఆపినా మీకు దారి ఉంటుంది.

మీరు చెప్పినంత మాత్రాన ఎవరి కట్టడమూ పడగొట్టేయరు. క్యూబుల మీద అనుమానముంటే కట్టిన కాంక్రీటు నుంచే కోర్లు, అంటే గుండ్రటి ముక్కలు, తీసి పరీక్షించే పద్ధతి కోడ్‌లోనే ఉంది. కోర్ల సగటు గ్రేడ్ బలంలో 85 శాతం, ఏ ఒక్క కోరూ 75 శాతానికి తగ్గకుండా ఉంటే అంగీకరిస్తారు. బాగుంటే బాగుందని తేలుతుంది. బాగాలేకపోతే జనం కాపురానికి రాకముందే తెలియడం అందరికీ మేలు, కట్టేవాళ్లకి కూడా.

ఒక్క విషయంలో మాత్రం మెయిల్ దాకా ఆగొద్దు. నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబు కింద 14 రోజుల లోపు, ఆరు మీటర్లు దాటిన బీము కింద 21 రోజుల లోపు సపోర్టులు తీసేస్తుంటే, కింద మనుషులు పనిచేస్తుంటే, అప్పుడు ఎవరేమనుకుంటారో అని చూడకండి. ముందు కింద ఉన్నవాళ్లని గట్టిగా కేకేసి బయటికి పిలవండి, తర్వాత సైటు ఇంజినీరుకి చెప్పండి.

మీ రెండో ఉత్తరం కోసం చూస్తుంటాను. మీ కాలేజీలో మీ మాట వినేవాళ్లు దొరక్కపోతే ఆ సంగతీ రాయండి, మీకు ఇష్టమైతే నేను వాళ్లతో మాట్లాడతాను.